తాళంచెవి ఇంట్లోనే ఉంది, కారు మాత్రం లేదు: స్మార్ట్ కీ కార్లకు కాపలా ఎలా

తాళంచెవి జేబులో పెట్టుకుని కారు దగ్గరికి వెళ్లండి. ఏ బటనూ నొక్కకుండా హ్యాండిల్ మీద చేయి వేయగానే డోర్ తెరుచుకుందా? అయితే ఇది మొత్తం చదవండి. రిమోట్ నొక్కితేనే తెరుచుకుని, లోపల తాళం తిప్పితేనే స్టార్టయ్యే కారైతే కీ సిగ్నల్‌ను ఆపే పౌచ్ గొడవ మీకు లేదు, స్టీరింగ్ లాక్ దగ్గర్నుంచి చదివితే చాలు. మధ్యరకం కూడా ఒకటుంది. డోర్‌కి బటన్ నొక్కాలి గానీ ఇంజిన్ పుష్ బటన్‌తో స్టార్టవుతుంది. దొంగ అద్దం పగలగొట్టాడంటే మిగతాదంతా ఒకటే కాబట్టి దాన్నీ మొదటిరకంలోనే వేసుకోండి.

దొంగ చేతిలో ఉండేదేమిటి?

హ్యాండిల్ ముట్టుకోగానే కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర (కొన్నింట్లో 134) చాలా చిన్న గొంతుతో కీని పిలుస్తుంది. ఆ పిలుపు మీటరు, మీటరున్నర దాటదు. కీ మాత్రం 433 మెగాహెర్ట్జ్ మీద (అమెరికా మార్కెట్ కార్లలో ఎక్కువగా 315) గట్టిగానే బదులిస్తుంది. నా గుసగుస వినబడిందంటే కీ పక్కనే ఉన్నట్టే అని కారు నమ్మకం. కంపెనీలు కోడ్‌ను ఎంత గట్టిగా బిగించినా లాభం లేకపోయింది ఇక్కడే. దొంగ ఆ కోడ్‌ను చదవడు, విప్పడు. కారు గుసగుసను మీ ఇంటి గోడ దాకా మోసుకెళ్లి, కీ ఇచ్చిన జవాబును కారుకు చేరవేస్తాడంతే. దీన్నే రిలే దొంగతనం అంటున్నారు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లోనే 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఇది పనిచేస్తుందని చూపించారు. 2017లో బ్రిటన్‌లోని వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు సోలిహల్‌లో ఒక మెర్సిడెస్ పోయిన సీసీటీవీ వీడియో విడుదల చేశాకే జనానికి సంగతి అర్థమైంది.

రెండో దారి వైరు. కారులోని చిన్న చిన్న కంప్యూటర్లన్నీ క్యాన్ బస్ అనే రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. ఇప్పటి హెడ్‌లైట్‌కీ ఒక కంప్యూటర్ ఉంది కాబట్టి ఆ తీగలు బంపర్ వెనక దాకా వస్తాయి. అక్కడ ఒక పరికరం తగిలిస్తే ‘సరైన కీ వచ్చింది’ అనే అబద్ధపు కబురు లోపలికి వెళ్తుంది. దీనికి కీ దగ్గర ఉండాల్సిన పనే లేదు, పౌచ్ కూడా ఆపలేదు. లండన్‌లో ఇయాన్ టేబర్ అనే సైబర్ భద్రతా పరిశోధకుడి టయోటా ఆర్ఏవీ4 2022లో ఇలాగే పోయింది. ఆయన, కార్ల ఎలక్ట్రానిక్స్ నిపుణుడు కెన్ టిండెల్ కలిసి తీగ లాగితే, డొంక బ్లూటూత్ స్పీకర్ డొక్కలో దాచి అమ్ముతున్న పరికరం దగ్గర కదిలింది. ఆ వివరాలు 2023 ఏప్రిల్‌లో బయటపెట్టారు.

మూడోది పోర్టు. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టే ఓబీడీ సాకెట్ నుంచే కొత్త కీని నమోదు చేసేయడం. మన దేశంలో ఎక్కువగా వినబడేది ఇదే. ఢిల్లీ పోలీసులు పట్టుకునే కార్ల ముఠాల దగ్గర కీ ప్రోగ్రామింగ్ ట్యాబ్‌లు తరచూ దొరుకుతున్నాయి.

ఇవన్నీ చీకటి బజారు సరుకేమీ కాదు. ‘లాక్‌స్మిత్ పరికరం’, ‘డయాగ్నస్టిక్ టూల్’ అని పేరు పెట్టి బాహాటంగానే అమ్మారు. 2022 అక్టోబర్‌లో ఫ్రాన్స్, స్పెయిన్, లాత్వియాల్లో 31 మందిని పట్టుకున్నట్టు యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్ ప్రకటించింది. వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్‌కు ప్రచారం డయాగ్నస్టిక్ టూల్ పేరుతోనే జరిగింది. బ్రిటన్‌లో పరికరం దొరికినా, దాన్ని ఫలానా దొంగతనంలో వాడారని రుజువు చేయలేక పోలీసులు ఇబ్బంది పడ్డారు. అందుకే 2025 ఫిబ్రవరి 25న పార్లమెంటులో పెట్టిన క్రైమ్ అండ్ పోలీసింగ్ బిల్లులో వీటిని దగ్గర ఉంచుకోవడం, తయారు చేయడం, దిగుమతి, అమ్మకం అన్నీ నేరాలుగా చేర్చి, 5 ఏళ్ల దాకా జైలు పెట్టారు. న్యాయమైన పనికే ఉంచుకున్నానని చూపించుకునే బరువు ఉంచుకున్నవాడి మీదే. ఇంగ్లండ్, వేల్స్‌లలో వాహనాల దొంగతనాల్లో 40 శాతం, లండన్‌లో 60 శాతం దాకా ఈ పరికరాలతోనే జరుగుతున్నాయని అప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క. కెనడా 2024లో తెచ్చిన మార్పులతో కార్ల దొంగతనానికి వాడే పరికరాలను దగ్గర ఉంచుకోవడాన్ని శిక్షాస్మృతిలోకి ఎక్కించింది.

చట్టం మంచిదే. కాకపోతే ఇప్పటికే అమ్ముడుపోయినవి ఎవరి సంచుల్లోనో ఉన్నాయి. అందుకని మూడు దారులకూ మనమే అడ్డు పెట్టుకోవాలి. తక్కువ ఖర్చు దగ్గర మొదలుపెడదాం.

పౌచ్: కొనడం సులువు, నమ్మడమే కష్టం

ఫారడే పౌచ్ లోపలి గుడ్డలో లోహపు పోగులుంటాయి. మంచిదైతే కీ మాటా బయటికి రాదు, కారు మాటా లోపలికి పోదు. ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో చాలావరకు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కాబట్టి రేటింగులు చూసి నమ్మొద్దు. ఇలా పరీక్ష చేయండి.

1. రెండో కీని ఇంట్లో దూరంగా పెట్టి రండి. ఇంటావిడ హ్యాండ్‌బ్యాగ్‌లో స్పేర్ కీ ఉండిపోయి, మంచి పౌచ్‌ను చెడ్డదని తిప్పి పంపేవాళ్లున్నారు.

2. ముందు పౌచ్ లేకుండా హ్యాండిల్ పట్టుకోండి. డోర్ తెరుచుకోవాలి. కీలో బ్యాటరీ నీరసించి ఉంటే పనికిరాని పౌచ్ కూడా పాసైపోతుంది.

3. కారు లాక్ చేసి, కీని పౌచ్‌లో వేసి, మూత పూర్తిగా మడవండి. పది సెకన్లు ఆగండి. లాక్ వేసిన వెంటనే రెండు మూడు సెకన్లు కొన్ని కార్లు హ్యాండిల్‌ను పట్టించుకోవు. అది చూసి పౌచ్ పనిచేసిందనుకుంటే మోసపోతారు.

4. పౌచ్‌ను హ్యాండిల్‌కు ఆనించి, నాలుగు వైపులా తిప్పుతూ ప్రయత్నించండి. మూత వైపు, కుట్టు వైపు తప్పకుండా చూడండి. లీకయ్యేది అక్కడే.

5. డోర్ తెరిచి లోపల కూర్చుని, పౌచ్‌లోని కీని కప్ హోల్డర్‌లో, పక్క సీటులో పెట్టి బ్రేక్ తొక్కి స్టార్ట్ నొక్కండి. కీ కనబడలేదని డిస్‌ప్లేలో రావాలి. పౌచ్‌ను స్టార్ట్ బటన్‌కు మాత్రం ఆనించకండి. కీ బ్యాటరీ అయిపోయినప్పుడు వాడుకోవడానికి చాలా కార్లలో అక్కడ వేరే ఏర్పాటు ఉంటుంది, పరీక్ష కలగాపులగం అవుతుంది.

పాసైన పౌచ్‌ను కూడా నెలకోసారి ఇలా చూడాలి. మడత పడే చోట లోహపు పోగులు తెగిపోతాయి. పైకి గీత కూడా కనబడదు. రోజూ రెండుమూడుసార్లు తెరిచి మూసే పౌచ్ ఏడాదికే చేతులెత్తేయొచ్చు. ఇంకో సంగతి. చాలా పౌచ్‌లకు ముందు వైపు ఇంకో జేబు ఉంటుంది, దానికి కవచం ఉండదు. కార్డులకో, వాడుతున్నప్పుడు కీకో అని పెడతారు. రాత్రి తొందరలో కీ అందులో పడిందంటే పౌచ్ లేనట్టే.

అల్యూమినియం ఫాయిల్ చుట్టడం, బిస్కట్ డబ్బాలో వేయడం గురించి అడుగుతుంటారు. ఫాయిల్ ఎక్కడా సందు లేకుండా చుడితే కీ జవాబును ఆపగలదు, కానీ రోజూ అంత శ్రద్ధగా చుట్టేవాళ్లు లేరు. రేకు డబ్బా గోడలు బాగానే ఆపుతాయి, మూత సందు ఆపదు. ఐదు మెట్ల పరీక్ష పాసైతే డబ్బా కూడా పనికొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమ్మకు కీ పాడవుతుంది. మైక్రోవేవ్‌లో అసలే వద్దు. పొద్దున్నే పాలు వేడిచేయడానికి ఎవరో ఆన్ చేస్తారు.

స్పేర్ కీకీ పౌచ్ కావాలి. గుమ్మం పక్కన మేకుకు వేలాడే స్పేర్ కీయే దొంగకు అన్నిటికన్నా దగ్గర.

కీని నిద్రపుచ్చడం

ఇది పైసా ఖర్చులేని పని, అయినా మాన్యువల్‌లో ఎవరూ చూడరు. స్మార్ట్ ఎంట్రీ ఉన్న చాలా టయోటా, లెక్సస్ కీలకు బ్యాటరీ ఆదా మోడ్ ఉంది. లాక్ బటన్ నొక్కిపట్టుకుని, వదలకుండానే అన్‌లాక్‌ను రెండుసార్లు నొక్కండి. కీ మీది చిన్న లైటు 4 సార్లు వెలిగితే అది నిద్రలోకి వెళ్లినట్టు. ఇక కారు ఎంత పిలిచినా పలకదు. పొద్దున ఏదో ఒక బటన్ నొక్కితే లేస్తుంది. మిగతా కంపెనీల కార్ల మాన్యువల్‌లో ‘కీలెస్ ఎంట్రీ ఆపడం’, ‘బ్యాటరీ ఆదా’ అనే మాటల కోసం వెతకండి. కొన్నింట్లో కారు స్క్రీన్ సెట్టింగ్స్‌లోనే కీలెస్ ఎంట్రీని తీసేయొచ్చు.

కొత్త కీలలో కదలిక సెన్సర్ ఉండి, కాసేపు కదలకపోతే వాటంతటవే నిద్రపోతాయి. మీ కీ అలాంటిదో కాదో తెలియాలంటే కారు పక్కన స్టూలు వేసి దాని మీద కీ పెట్టి, 10 నిమిషాలు ముట్టుకోకుండా ఉండండి. తర్వాత స్టూలును కదపకుండా హ్యాండిల్ పట్టుకోండి. తెరుచుకోకపోతే సెన్సర్ ఉన్నట్టే. అయినా దాన్ని పూర్తిగా నమ్ముకోవద్దు. మీరు ఆఫీసు నుంచి వచ్చి ప్యాంటు జేబులోనే ఉంచుకుని ఇంట్లో తిరుగుతున్నంతసేపూ అది మెలకువగానే ఉంటుంది.

ఇంకా మంచిది అల్ట్రా వైడ్‌బ్యాండ్ (యూడబ్ల్యూబీ) కీ. సిగ్నల్ వచ్చి వెళ్లే సమయాన్ని కొలుస్తుంది. రేడియో తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, దూరం నుంచి మోసుకొచ్చిన జవాబు ఆలస్యంగా వచ్చినట్టు దొరికిపోతుంది. జాగ్వార్ ల్యాండ్ రోవర్ 2018 నుంచి వరసగా తన మోడళ్లలో పెడుతూ వచ్చింది. కొత్త కారు కొనేటప్పుడు ‘స్మార్ట్ కీ ఉందా’ అని అడిగితే సేల్స్‌మన్ ఉందనే అంటాడు. ‘యూడబ్ల్యూబీ ఉందా’ అని అడగండి. టెస్లా ఉన్నవాళ్లు సేఫ్టీ మెనూలో ‘పిన్ టు డ్రైవ్’ ఆన్ చేసుకుంటే చాలు, నాలుగంకెలు కొట్టందే బండి కదలదు.

స్టీరింగ్ లాక్, గేర్ లాక్

ఎలక్ట్రానిక్స్‌తో వచ్చే దొంగ చప్పుడు లేకుండా ఒకటి రెండు నిమిషాల్లో పోవాలనుకుంటాడు. ఇనుప ముక్క చూస్తే లెక్క తప్పుతుంది. అందుకే పాతకాలపు స్టీరింగ్ లాక్‌కు మళ్లీ గిరాకీ వచ్చింది. సన్నటి కడ్డీ రకంలో బలహీనత కడ్డీలో లేదు, స్టీరింగ్ చక్రంలో ఉంది. చక్రం అంచు కోస్తే కడ్డీ ఊడి వస్తుంది. చక్రం మొత్తాన్ని పళ్లెంలా కప్పే రకం నయం. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు తాళాలను పరీక్షించే సోల్డ్ సెక్యూర్ సంస్థ గుర్తు ఉన్నది చూసుకోండి. వేసేటప్పుడు పొడుగు చేయి డ్యాష్‌బోర్డుకో, డోర్ వైపు స్తంభానికో తగిలేలా వేయాలి, అప్పుడు చక్రం కాస్త కూడా తిరగదు.

మన దగ్గర యాక్సెసరీల షాపులో గేర్ లాక్ వేయిస్తారు. మీ మోడల్‌కు, అందులోనూ మాన్యువలా ఆటోమేటికా అన్నదానికి సరిపోయేదే వేయించండి. ‘అన్నిటికీ సరిపోతుంది’ అనేది దేనికీ సరిపోదు. మోటార్ బీమా టారిఫ్ ప్రకారం ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే పుణే సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరానికి సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గుతుంది. పెద్ద మొత్తమేమీ కాదు గానీ బిల్లు, సర్టిఫికెట్ దాచుకోండి.

ఓబీడీ పోర్టు

డ్రైవర్ మోకాళ్ల పైన, డ్యాష్‌బోర్డు కింద వెడల్పాటి సాకెట్ ఉంటుంది. దాని మీద బిగించే ఉక్కు పెట్టె తాళాలు దొరుకుతాయి. వైర్లు కోసి పోర్టును వేరే చోటికి మార్చమని కారు ఎలక్ట్రీషియన్ సలహా ఇస్తే ఒప్పుకోకండి. వారంటీ దగ్గర పేచీ వస్తుంది, రేపు ఏ సర్వీస్ వాడికీ పోర్టు దొరకదు. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు ఆ తాళం మీరే తీసి ఇవ్వండి, దాని చెవిని గ్లవ్ బాక్స్‌లో వదలకండి. అమెరికాలో పొగ పరీక్షకు ఓబీడీ వాడే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు పరీక్ష రోజున పోర్టు తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైనది, ఎవరూ చేయనిది ఒకటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నా, ఒక కీ పోగొట్టుకున్నా డీలర్ దగ్గరికెళ్లి ‘ఈ కారులో ఎన్ని కీలు నమోదయ్యాయో చదివి చెప్పండి’ అని అడగండి. మీ చేతిలో రెండుండి, కారు మూడు అని చెబితే ఆ మూడోది ఎవరి దగ్గరో ఉంది. పాతవన్నీ చెరిపి మీ రెండింటినే మళ్లీ నమోదు చేయించుకోండి. రెండు కీలూ వెంట తీసుకెళ్లండి, లేకపోతే చెరిపేటప్పుడు ఇంట్లో ఉన్న మంచి కీ కూడా పోతుంది.

బంపర్ కదిలితే ఆకతాయి పని అనుకోకండి

పొద్దున లేచి చూస్తే ముందు చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ కిందికి లాగేసి ఉంది, హెడ్‌లైట్ కనెక్టర్ సగం ఊడి వేలాడుతోంది. చుట్టుపక్కల కుర్రాళ్లను తిట్టుకుని క్లిప్పులు కొనడానికి వెళ్తారు. టేబర్ కారుకు 2022 ఏప్రిల్‌లో ఇలాగే జరిగింది. జులైలో మళ్లీ జరిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే కారు లేదు. ఇలాంటిది కనబడితే ఆ రాత్రే కారు స్థలం మార్చండి, ముక్కు గోడ వైపు పెట్టి ఆనినట్టు నిలపండి, స్టీరింగ్ లాక్ వేయండి, ఫొటోలు తీసి పోలీసులకు చెప్పండి.

ఈ వైరు దారికి అసలు మందు అదనపు ఇమ్మొబిలైజర్, అంటే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని పరికరం. స్టీరింగ్ మీది బటన్లనో, అద్దాల స్విచ్‌లనో మీకు మాత్రమే తెలిసిన వరసలో నొక్కితేనే ఇంజిన్ స్టార్టవుతుంది. బ్రిటన్‌లో కార్ల భద్రతను పరీక్షించే థాచమ్ సంస్థ ఆమోదం ఉన్నది, వాళ్లు గుర్తించిన ఫిట్టర్ చేత వేయించుకుంటేనే ఇన్సూరెన్స్ వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు. ఇక్కడ లోకల్‌గా రహస్య స్విచ్ పెట్టించేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆ స్విచ్ ఇంజిన్‌ను స్టార్ట్ కాకుండా ఆపాలి, నడుస్తున్న ఇంజిన్‌ను ఆపకూడదు. ఫ్యూయల్ పంపు తీగ మధ్యలో చవక స్విచ్ పెట్టి, అది హైవే మీద వదులైతే ఓవర్‌టేక్ మధ్యలో బండి చచ్చిపోతుంది.

ట్రాకర్

కారు ఎక్కడుందో చెప్పే ట్రాకర్ ఒక్కటే పెడితే, సిగ్నల్‌ను అడ్డుకునే జీపీఎస్ జామర్‌తో దాని నోరు మూస్తారు. కంపెనీవాడు ఎక్కడ పెడతాడో దొంగకు తెలుసు కూడా. సొంత బ్యాటరీ ఉన్న రెండోది వేరే చోట దాచండి: సీటు ఫోమ్ లోపల, ట్రిమ్ వెనక. గ్లవ్ బాక్స్, చార్జింగ్ సాకెట్, డిక్కీలో స్టెప్నీ గుంట వద్దు, మొదట వెతికేవి అవే. ఆపిల్ వాళ్ల చిన్న ట్రాకర్ ఎయిర్‌ట్యాగ్ చవక గానీ, మీతో ఒక ట్యాగ్ తిరుగుతోందని కాసేపటికి దొంగ ఫోన్‌కే కబురు వస్తుంది. దొంగలు చాలాసార్లు కారును ఏ సందులోనో రెండు మూడు రోజులు వదిలేసి, ఎవరైనా వస్తారా అని చూస్తారు. కెనడాలో ఆ తర్వాత మాంట్రియల్ పోర్టులో కంటైనర్ ఎక్కుతుంది. అంటే మొదటి కొన్ని గంటలే మీ చేతిలో ఉంటాయి. మ్యాప్‌లో చుక్క ఎక్కడుందో పోలీసులకు చూపించండి, మీరు మాత్రం వెళ్లకండి.

కారు పోయాక

ముందు పోలీసులకు, అదే రోజు బీమా కంపెనీకి. ఇండియాలో ఎఫ్ఐఆర్ కాపీ, ఆర్సీ, రెండు కీలు, ఆ తర్వాత వాహనం దొరకలేదన్న పోలీసు రిపోర్టు అడుగుతారు. ఒక కీయే చూపిస్తే ‘కీ కారులో వదిలేశారా’ అనే ప్రశ్న వస్తుంది, క్లెయిమ్ అక్కడ ఇరుక్కుంటుంది. కీ పోయిన రోజే స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచుకోవడం అందుకే. ఎఫ్ఐఆర్ వెంటనే నమోదైతే, బీమా కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో తేల్చింది.

అమ్మకం కంటబడితే

అసలైన కీ ప్రోగ్రామింగ్ పరికరానికీ దొంగ సరుకుకూ తేడా ప్రకటనలోనే తెలుస్తుంది. నిజమైన తాళాల మేస్త్రీకి కారు తన ముందే ఉంటుంది, ఆర్సీ అడుగుతాడు, వైరుతో పని చేస్తాడు. ఇన్ని మీటర్ల దూరం నుంచి కీ సిగ్నల్ అందుకుంటుందని గొప్పలు పోయే పరికరం అతనికెందుకు? ‘ఎమర్జెన్సీ స్టార్ట్’ అని పేరుపెట్టి కింద కార్ల మోడళ్ల జాబితా ఇవ్వడం, స్పీకర్ రూపంలోనో, గేమ్ ఆడుకునే బొమ్మ రూపంలోనో ఉండటం, బేరమంతా మెసేజింగ్ యాప్‌లోకి మార్చడం కూడా అలాంటి గుర్తులే. అమెరికాలో తాళాల మేస్త్రీలకు ఎన్ఏఎస్‌టీఎఫ్ రిజిస్ట్రీ, యూరప్‌లో సెర్మీ అనే పద్ధతి ఉన్నాయి. పేరు, ఊరు నమోదైనవాళ్లకే కంపెనీలు కీ కోడ్‌లు ఇస్తాయి.

ప్రకటన లింకు, అమ్మేవాడి పేరు, ధర, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ముందు ఆ సైట్‌లోనే రిపోర్ట్ కొట్టండి. బ్రిటన్‌లో పేరు చెప్పకుండా క్రైమ్‌స్టాపర్స్ అనే స్వచ్ఛంద సంస్థకు 0800 555 111లో చెప్పొచ్చు. ఇండియాలో జీపీఎస్ బ్లాకర్లు, జామర్లు ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మడం, వాడటం కుదరదని టెలికాం శాఖ 2022 జనవరిలో చెప్పింది. అనుమతి లేని రేడియో పరికరాలను ఈ-కామర్స్‌లో పెట్టకుండా 2025 మేలో మార్గదర్శకాలు కూడా వచ్చాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. ‘నా కారు మీద పనిచేస్తుందో లేదో చూద్దాం’ అని ఒకటి తెప్పించుకోవద్దు. పరీక్షకు పౌచ్, స్టూలు చాలు.